మేజాగుడ్డ వెనుకవైపు

తెలుగు సమాజముల వార్షిక సంచికలలో చేనేతను గూర్చిన వ్యాసము లేని సంచిక అరుదు. షోలాపురమునందైనను, బరంపురమునందైనను, సేలమునందైనను, యానామునందైనను సంపాదకులు విషయసూచిక సిద్ధపరచునపుడు కూచిపూడికి కొన్ని పుటలు, త్యాగరాజస్వామికి కొన్ని పుటలు, చేనేతకు కొన్ని పుటలు కేటాయింతురు. మేమును అట్టి వ్యాసములు వ్రాసినవారమే. కావున ఇప్పుడు ఎత్తి చూపబోవు దోషములో మా పాలు మాకున్నదని ముందే ఒప్పుకొనుచున్నాము.

ఆ వ్యాసములన్నియు ఇంచుమించు ఒకే దారిని నడచును. అగ్గిపెట్టెలో ఇమిడిన చీర మొదట వచ్చును. పిమ్మట తెల్లదొరలు నేతగాండ్ర బొటనవ్రేళ్ళు నరికించిన కథ వచ్చును. ఆపైని గాంధీ మహాత్ముని రాట్నము. చివరకు, ఈ కళను కాపాడుకొనవలెనను హితవు. ఈ నాలుగింటిలో ఏదియు ఒక గుడ్డను చేతబట్టుకొని చూచి చెప్పిన మాట కాదు. బొటనవ్రేళ్ళ కథనే తీసికొందము. కంపెనీ కొలువు చేసి విడిచిన విలియం బోల్ట్సు అను వర్తకుడు 1772లో ప్రకటించిన గ్రంథమున, వంగదేశములో పట్టుదారము తీయువారు నిర్బంధపు పని తప్పించుకొనుటకై తమ బొటనవ్రేళ్ళను తామే కోసికొనిరని వ్రాసెను. అందు నరికించిన దొర లేడు; నరకబడినవాడు నేతగాడును కాడు. చేయు పనియే భరింపరానిదై తన చేతిని తానే పాడు చేసికొన్న మనిషి యున్నాడు. ఆలోచింపగా ఆ మాట కథకంటె ఎక్కువ భయంకరము. అయినను మన వ్యాసకర్తలకు కథయే రుచించినది.

పద్యమునకు మనలో విమర్శ యున్నది. గణభంగమైనచో పట్టుకొందురు, భావము పాతదైనచో పాతదందురు. నాటకమునకును సంగీతమునకును విమర్శకులున్నారు. గుడ్డకు మాత్రము స్తుతి తప్ప మరియొకటి లేదు. స్తుతి మంచిదే కదా యని పాఠకులు అనవచ్చును. అది చేయు హాని యెట్టిదో మేము కన్నులార చూచిన ఒక సంగతి చెప్పెదము.

కొంతకాలము క్రిందట మా పట్టణమున ఒక తెలుగు సభ జరిగినది. వేదికపై మేజాబల్లకు పోచంపల్లి గుడ్డ పరచితిమని నిర్వాహకులు ప్రకటించిరి. ముఖ్యాతిథి దానిని చూపి నేతన్నల నేర్పును గూర్చి పావుగంటసేపు ప్రసంగించెను. సభ కరతాళములు మ్రోగించెను. సభ ముగిసిన పిదప ఆ గుడ్డ మడచుటలో మేమును ఒక చేయి వేసితిమి. గుడ్డ తిరుగబడినది. ముందువైపు ముదురు ఎరుపుగా మెరయుచున్న పువ్వు వెనుకవైపు వెలవెలబోయి యున్నది. అది మిల్లులో నేసి, మరపై రంగు అచ్చు వేసిన గుడ్డ. వేదిక నెక్కినవారిలో నేతపని చేసిన కుటుంబములవారు నలుగురైనను గలరు. ఎవరును తిరగవేసి చూడలేదు. సభ ముగియువరకు మేమును చూడలేదు. నిజమైన పోచంపల్లి గుడ్డకు రావలసిన కరతాళములును, దానికి చెల్లవలసిన పైకమును, ఆ దినమున ఒక అచ్చుగుడ్డకు చెల్లినవి.

కావుననే ఈ వ్యాసమునకు చీరను గాక మేజాగుడ్డను ఎన్నుకొంటిమి. చీరకు పెండ్లి అండగా నున్నది, సెంటిమెంటు అండగా నున్నది, అంచున జరీ యున్నది. నేతలో లోపమున్నను ఆ మూడును దానిని కప్పిపుచ్చును. మేజాగుడ్డకు అట్టి ఆధారమేదియు లేదు. మన పూర్వులు నేలపై పీట వేసికొని విస్తరిలో భుజించినవారు. మేజాబల్లయు, దానిపై గుడ్డయు మన యింటికి తరువాత వచ్చినవి. సంప్రదాయపు గౌరవము దానికి అప్పుగా దొరకదు. చదరముగా పరచినపుడు నాలుగు మూలలు సరిగా నున్నవా, పులుసు ఒలికిన తావున పీల్చుకొనునా, వారమువారము చాకిరేవుకు పోయి వచ్చినను నిలుచునా, రెండు వైపుల చూపునకు ఆనునా అని మాత్రమే దానిని అడుగవలెను. గుడ్డను గుడ్డగా పరీక్షించుటకు ఇంతకంటె నిక్కమైన వస్తువు మాకు తోచలేదు.

ఈ పరీక్షకు ముందు ఒక పేరు కథ చెప్పవలసి యున్నది. నర్సాపురమునకు ఆనుకొని మాధవాయపాలెమను ఊరున్నది. అచ్చట ఆంగ్లేయ కంపెనీవారి వర్తక ఏజెన్సీ 1833 వరకు ఉండెను. గోదావరి డెల్టాలోని మూడు ఏజెన్సీలలో అది ముఖ్యమైనది. మిగిలిన రెండును బెండమూర్లంకయు, యానామునకు చేరువనే యున్న ఇంజరమును. మాధవాయపాలెమునుండి ఎగుమతియైన సన్నని తెల్లగుడ్డకు ఐరోపా వర్తకులు ఆ యూరి పేరే పెట్టి, తమ నాలుకకు తిరిగినట్లు 'మడపొల్లం' అనిరి. ఈ నాటికిని నిఘంటువులలో ఆ మాట యున్నది. మెత్తని సాదా నూలుగుడ్డ అని అర్థము. అయితే 1886లో ప్రకటింపబడిన హాబ్సన్ జాబ్సన్ అను ప్రసిద్ధ నిఘంటువును తెరచి చూచినచో ఒక విపరీతము కనబడును. అప్పటికే మడపొల్లము ఇంగ్లండునుండి మన దేశమునకు దిగుమతి యగుచున్న ముఖ్యమైన సరకు. ఏబది యేండ్ల లోపల గుడ్డ దారి మార్చుకొని ఎదురు వచ్చినది. ఊరి పేరు మిగిలినది. ఆ యూరి మగ్గమునకు పని పోయినది.

చేనేత చరిత్రలో మనము నేర్వవలసిన పాఠము ఇందున్నదని మేము తలంచుచున్నాము. గుడ్డకంటె పేరు ఎక్కువకాలము బ్రతుకును. పేరును మరియొకరు తొడుగుకొనవచ్చును. పేరును కీర్తించువారు గుడ్డను గుర్తింపలేకపోయినచో ఆ కీర్తి ఎవరికైనను చెల్లును. మాధవాయపాలెపు నేతగానికి జరిగినది మా సభలోని పోచంపల్లి నేతగానికి చిన్న యెత్తున మరల జరిగినది.

ఆ నర్సాపురమే మేజాగుడ్డకు మరియొక భాగమును సమకూర్చినది. అది అంచునకు కుట్టు లేసు. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమున స్కాట్లండునుండి వచ్చిన మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్పిరి. ఆ అల్లిక వ్యాపించి, పళ్ళెముల క్రింద వేయు గుండ్రని చిన్న గుడ్డలు, మేజాగుడ్డలు, దిండుగలీబుల అంచులు ఐరోపాకు పోసాగినవి. 2024లో నర్సాపురపు లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ అల్లికను గూర్చి స్తోత్రము గాక విచారణ చేసిన గ్రంథము ఒకటి గలదు. జర్మను సామాజిక శాస్త్రవేత్రి మారియా మీస్ వ్రాసి 1982లో ప్రకటించిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అదియే. ఆమె చెప్పిన ముఖ్యాంశమిది: లేసు అల్లు స్త్రీలను అందరును గృహిణులనిరి, వారి పనిని తీరిక వేళల కాలక్షేపమనిరి. కాని వంటయు ఇంటి పనులును చేసికొనుచునే వారు దినమునకు ఆరేడు గంటలు అల్లుచుండిరి. పనిని పని యనకపోవుట చేతనే కూలి అంత తక్కువగా నిలిచినది; లాభము దళారులకును ఎగుమతిదారులకును చేరినది.

ఈ గ్రంథమును మన తెలుగు సమాజముల వారు చదువవలెను. అందు దృష్టి యంతయు శ్రమసంబంధములపై నున్నది. అల్లిక యొక్క గుణదోషములు దాని విషయము కావు. గుడ్డను చూచువాడు శ్రమను లెక్కించుట మరచును; శ్రమను లెక్కించువాడు గుడ్డను ప్రక్కన పెట్టును. మంచి విమర్శకుడు రెండును చేయవలెను. నర్సాపురపు లేసు అంచును వ్రేళ్ళ మధ్య పట్టి లాగి చూడుడు. బిగువుగా అల్లినది కొంచెము సాగి మరల తన తావునకు వచ్చును. కూలి చాలక తొందరలో అల్లినది సాగిన చోటనే నిలిచిపోవును. రెండుమూడు ఉతుకులకు మేజాగుడ్డ అంచు అలలు అలలుగా వంకర తిరుగును. ఆ వంకర కొక్కెపు సూది తప్పనుకొందుము. దానికి చెల్లించిన ధరలోనే ఆ తప్పు పుట్టినది. తక్కువ కూలి గుడ్డలో కనబడును, చూడనేర్చినచో చదువవచ్చును.

ఇక మేజాబల్లపై మేము ఎక్కువగా మన్నించు గుడ్డ తేలియా రుమాలు. ఒకప్పుడు చీరాలలో పుట్టి పేరొందిన ఈ నేత నేడు తెలంగాణమున యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నిలిచియున్నది. పుట్టపాక రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. గజమునకు కొంచెము మించిన చదరము. ఎరుపు, నలుపు, తెలుపు దాని రంగులు. ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీటిలో నూనె కలిపి, ఆ నీటిలో నూలును నానబెట్టి ఎండబెట్టుచు అనేక దినములు ఆ పని మరల మరల చేయుదురు. అందువలన ఎరుపు నూలును గట్టిగా పట్టుకొనును. నూనె వాసనయు మిగులును. ఆ నూనె పేరే గుడ్డకు పేరైనది. పిమ్మట పడుగును పేకను రెండింటిని ముందే కొలిచి కట్టి అద్దుదురు. మగ్గముమీద పడుగులోని మచ్చయు పేకలోని మచ్చయు ఒకే తావున కలిసినపుడే పువ్వు విచ్చును. ఒక్క పోగు జరిగినను పువ్వు అంచు పలుచబడును.

ఈ గుడ్డను స్తుతించువారు 'వేల యేండ్లనాటిది' అందురు. ఆ మాట మాకు సమ్మతము కాదు. తేలియా ఎరుపునకు ప్రసిద్ధి తెచ్చిన ఆలిజరిన్ రంగు 1868లో జర్మను రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో కూర్చినది. అంతకుముందు ఆ యెరుపు మొక్కల వేళ్ళనుండి వచ్చెడిది. ఇరువదవ శతాబ్దమున నేతగాండ్రు రుమాలుపై విమానములను, గడియారములను సయితము దించిరి. అరబ్బుల తలలకును, మన జాలరుల నడుములకును చుట్టబడిన గుడ్డ ఇప్పుడు మేజాబల్లలపైకిని, గోడలపైకిని వచ్చినది. కొత్త రంగు వచ్చినపుడు దానిని లోబరచుకొన్నారు. కొత్త వస్తువు కనబడినపుడు దానిని లెక్కలో పెట్టి నేసినారు. పాతదనుటచేత ఆ గుడ్డకు గౌరవము పెరుగదు. విమానపు రెక్కను పోగులుగా విడదీసి, కట్టు కట్టి, అద్ది, మరల మగ్గముపై రెక్కగా కూర్చిన బుద్ధిచేత పెరుగును.

దోషమును చెప్పవలెను గదా! మేజాబల్లకై నేసిన రుమాళ్ళలో కొన్నింటియందు నడుమ నొక పెద్ద పువ్వును నిలుపుచున్నారు. గోడకు తగిలించినపుడు అది శోభించును. బల్లపై పరచి పాత్రలు పెట్టగానే పువ్వు మరుగుపడి, అంచులోని సన్నని వరుసలు మాత్రము మిగులును. పాత చదరములలో చిన్న గడులు గుడ్డ యంతట సమముగా పరచుకొని యుండెను. ఏ మూల చూచినను గుడ్డ సంపూర్ణముగా నుండెను. మేజాబల్లకు ఆ పద్ధతియే తగినది. కొనువారు గోడను చూచి అడుగుచున్నారు. నేయువారు అడిగినది ఇచ్చుచున్నారు. ఈ లోపమునకు నేతగానికంటె మనమే ఎక్కువ బాధ్యులము.

ఇంతవరకు ఇతరుల ఊళ్ళ సంగతి చెప్పితిమి. ఇక మా ఊరి మాట. షోలాపురములో 1877లో మొదటి నూలుమిల్లు నెలకొన్నది. అప్పటినుండి తెలంగాణపు పల్లెల పద్మశాలీలు బ్రతుకుదెరువుకై ఇచ్చటికి వచ్చి మిల్లులలోను, మగ్గములపైనను పని చేసి, స్త్రీలు బీడీలు చుట్టి, ఒక పట్టణములో సగము పట్టణమును కట్టిరి. షోలాపురపు దుప్పటి వారి చేతిలో పేరు గడించినది. 2005 ప్రాంతమున మహారాష్ట్రమునందు భౌగోళిక గుర్తింపు మొదట పొందిన వస్తువులలో ఆ దుప్పటియు, మా ఊరి తువాలును చేరినవి. దళసరి నూలుతో, జకార్డు పువ్వుతో, ఏండ్ల తరబడి ఉతికినను చిరుగని ఆ దుప్పటిని మేము తక్కువ చేసి మాటాడము. మా తల్లుల పురుళ్ళకును, మా తండ్రుల చావులకును కప్పిన గుడ్డ అది.

కాని అది నేడు మరమగ్గముపై నేయబడు గుడ్డ. చేతిమగ్గములు మా పేటలలో మరమగ్గములకు చోటిచ్చి ఎన్నో దశాబ్దములైనది. ఈ మాట మనకు తెలియును. అయినను సభలలో ఆ దుప్పటిని అతిథికి కప్పి 'మా చేనేత కానుక' అందుము. దుకాణములలో దానితో జతచేసి అమ్ము మేజాగుడ్డలకును, చేతిగుడ్డలకును అదే పేరు అంటగట్టుట చూచితిమి. ఇందులో తప్పేమి, మన పద్మశాలీయే కదా నేసినది అని మిత్రులొకరు మమ్ము ప్రశ్నించిరి. ఆ ప్రశ్న తేలికైనది కాదు. ఒకే ఇంటిపేరుగల రెండు కుటుంబములలో ఒకటి పుట్టపాకలో గుంటమగ్గముమీద కూర్చున్నది. రెండవది షోలాపురములో మరమగ్గము ముందు నిలుచున్నది. ఒకరి కూటికి మరియొకరి కూడు పోటీ యగుచున్నది.

ఈ పోటీని చూచియే 1985లో పార్లమెంటు కొన్ని రకముల గుడ్డలను చేతిమగ్గమునకే ప్రత్యేకించుచు చట్టము చేసినది. మొదట 22 రకములు ప్రత్యేకింపబడినవి. పిమ్మట అవి 11కు తగ్గినవి. మరమగ్గములవారు సవాలు చేయగా సర్వోన్నత న్యాయస్థానము 1993లో ఆ చట్టమును సమర్థించినది. 2006లో చేనేత గుర్తు ముద్ర వచ్చినది. చట్టమున్నను, ముద్రయున్నను, జాతీయ గణనలో చేనేతపై ఆధారపడినవారి సంఖ్య 2009-10లో 43 లక్షలకు మించియుండగా 2019-20 నాటికి 35 లక్షల చిల్లరకు దిగినది. ముద్రను చూచువాడు లేక ముద్ర నిలువదు. కొనువాని కన్నులో పరీక్ష లేనిచో చట్టపు పుస్తకములోని మాట అంగడివీధికి చేరదు.

మిత్రుని ప్రశ్నకు మా సమాధానమిది. మరమగ్గపు దుప్పటిని మరమగ్గపు దుప్పటిగానే, షోలాపురపు పేరుతోనే గౌరవింతము. ఆ గౌరవమునకు అది అన్ని విధముల తగినది. పన్నెండు గంటలు మరల చప్పుడులో నిలుచు కార్మికునికి మన మన్నన కావలెను, మంచి కూలి అంతకంటె ఎక్కువగా కావలెను. చేనేత యను పేరు మాత్రము చేతితో నేసినదానికే మిగులవలెను. అన్నకు చెందిన పేరును తమ్మునికి తొడిగినచో తమ్ముని కీర్తి పెరుగదు. అన్న మగ్గము మాత్రము ఆగును. మాధవాయపాలెపు పేరును మాంచెష్టరువారు తీసికొన్నారని వగచు మనము, పుట్టపాక పేరును మన చేతులతోనే మరియొకరికి ధారపోయుట న్యాయమా?

తిరగవేసి చూచుట కష్టమైన విద్య కాదు. కట్టి అద్దిన నూలుతో నేసిన గుడ్డకు రెండు వైపుల రంగు ఒకే గాఢతతో నుండును. పువ్వు అంచున రంగు పక్షియీకవలె సన్నగా చెదరియుండును. అచ్చుగుడ్డకు సాధారణముగా వెనుకవైపు వెలసియుండును. అంచులను వెలుతురుకు ఎత్తి చూడుడు. గుడ్డ వెడల్పు కుంగకుండ మగ్గముపై అడ్డముగా బిగించు పుల్ల మొనలు అంచున చిన్న రంధ్రములు చేయును. చేతిమగ్గముపై నేతగాడు దానిని తీసి, కొంత నేసిన పిదప మరల ముందుకు బిగించును. కనుక ఆ గుర్తులు విడివిడిగా, అక్కడక్కడ కనబడును. మరమగ్గముపై అవి తెగక వరుసగా సాగును. పిమ్మట అమ్మువానిని రెండు ప్రశ్నలడుగుడు: ఏ యూరిలో నేసినది? ఎన్ని దినములు పట్టినది? ఊరి పేరు చెప్పలేనివాడు, దినములు లెక్క చెప్పలేనివాడు, తన సరకును తానే ఎరుగడు.

వచ్చెడు వార్షికోత్సవమునకు వేదిక గుడ్డ తెప్పించు పనిని మా సమాజమువారు మాకు అప్పగించిరి. పుట్టపాకకు ఉత్తరము వ్రాసితిమి. చిన్న గడులు గుడ్డ యంతట పరచుకొనునట్లు, నడుమ పెద్ద పువ్వు లేకుండ, నాలుగు చదరములు కావలెనని కోరితిమి. ధర తెలిసిన దినమున కార్యవర్గములో ఒక పెద్దమనిషి కనుబొమలు ఎగురవేసెను. మిల్లు గుడ్డ ఇందులో పదవవంతునకు వచ్చునని గుర్తుచేసెను. నూలుకు నూనె పట్టించు దినములు, కట్టు కట్టు దినములు, అద్దు దినములు, నేయు దినములు వ్రేళ్ళమీద లెక్కించి చెప్పితిమి. ఆయన తండ్రి మగ్గముపై కూర్చుండినవాడే. కొంతసేపు ఊరకుండి, 'నాలుగు చాలవు, అయిదు తెప్పించుడు. ఒకటి ఉతుకునకు పోయినపుడు ఒకటి ఉండవలెను గదా' అనెను.